కాలిఫోర్నియాకు మారితే నాన్‌కంపీట్ పోతుందా?

ప్రశ్న: మా అబ్బాయి బోస్టన్‌లో ఎంఎస్ పూర్తి చేశాడు. ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే కొంతకాలం పనిచేసే అనుమతి) మీద అక్కడే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆఫర్ వచ్చింది. ఉద్యోగం మానేశాక 12 నెలలు పోటీ కంపెనీలో చేరకూడదని (నాన్‌కంపీట్ షరతు) కాగితాల్లో ఉందట. ‘కాలిఫోర్నియాలో అవి చెల్లవమ్మా, కావాలంటే అక్కడికి మారిపోతా’ అంటున్నాడు. సంతకం పెట్టమనమంటారా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చెప్పింది సగమే నిజం. మిగతా సగం తెలుసుకున్నాకే సంతకం పెట్టమనండి.

ఈ షరతు చెల్లదనే చట్టం కాలిఫోర్నియాలో 1872 నుంచీ ఉంది. (మన కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ కూడా అదే ఏడాదిది. ఉద్యోగం మానేశాక వర్తించే ఇలాంటి షరతు మన కోర్టుల్లోనూ సాధారణంగా నిలవదు.) 2024 జనవరి 1 నుంచి కాలిఫోర్నియా చట్టాన్ని ఇంకా గట్టి చేశారు. ఏ రాష్ట్రంలో, ఎప్పుడు సంతకం పెట్టినా చెల్లదన్నారు. అమలు చేయబోయిన కంపెనీ మీద ఉద్యోగి దావా వేసి నష్టపరిహారం, లాయరు ఫీజు అడగవచ్చు. అందుకే వేరే రాష్ట్రాల కంపెనీలు కూడా కాలిఫోర్నియాలో పనిచేసే తమ ఉద్యోగుల విషయంలో జాగ్రత్త పడుతున్నాయి.

అయితే మిగతా రాష్ట్రాల కోర్టులు ఆ మాటకు తలొగ్గాలని లేదు. బోస్టన్‌లోని ఆన్‌లైన్ బెట్టింగ్ కంపెనీ డ్రాఫ్ట్‌కింగ్స్ కేసే చూడండి. అక్కడి ఉన్నతోద్యోగి ఒకరు 2024లో రాజీనామా చేసి, కాలిఫోర్నియాకు మారి, పోటీ సంస్థ ఫనాటిక్స్‌లో చేరారు. ఆయన ఒప్పందంలో మసాచుసెట్స్ (బోస్టన్ ఉన్న రాష్ట్రం) చట్టం వర్తిస్తుందని రాసి ఉంది. ఫెడరల్ కోర్టు దాన్నే పట్టుకుని, ఏడాదిపాటు అమెరికాలో ఎక్కడా పోటీగా పనిచేయకూడదంది. సెప్టెంబరులో అప్పీలు కోర్టూ దాన్నే సమర్థించింది. దేశమంతటా నాన్‌కంపీట్‌లను నిషేధిస్తూ అక్కడి కేంద్ర వాణిజ్య నియంత్రణ సంస్థ ఎఫ్‌టీసీ తెచ్చిన రూల్‌నేమో అదే ఏడాది ఆగస్టులో టెక్సాస్ కోర్టు కొట్టేసింది.

ఇక్కడి నుంచి వెళ్లిన పిల్లల విషయంలో నాకు ఎక్కువ టెన్షన్ వీసా గురించే. అక్కడి పౌరుడు ఏడాది ఖాళీగా ఉంటే జీతం పోతుంది. ఓపీటీలో మొదటి ఏడాది 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. హెచ్‌-1బి వచ్చాక ఉద్యోగం పోతే 60 రోజుల్లోపు దారి చూసుకోవాలి. అంటే మీవాడికి 12 నెలల షరతు ఇంటికి తిరిగి రావడంతో సమానం కావచ్చు.

మసాచుసెట్స్‌లోనే రక్షణ కొంత ఉంది, అది మీవాడికి తెలిసినట్టు లేదు. 2018 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం గడువు మామూలుగా 12 నెలలు మించకూడదు. ఆ కాలానికి కనీసం సగం జీతమైనా ఇవ్వాలి, లేదా ఇద్దరూ ఒప్పుకున్న వేరే ప్రతిఫలం కాగితంలో రాయాలి. లేఆఫ్ చేసినవాళ్ల మీద ఈ షరతు నడవదు. లాయరును సంప్రదించే హక్కు ఉందని కాగితంలోనే ఉండాలి. చేరే రోజున చేతిలో పెట్టి సంతకం చేయమంటే కుదరదు, ముందే ఇవ్వాలి.

చాలామంది పిల్లలు జీతం ఉన్న పేజీ చూసి, చివరి పేజీలో సంతకం పెట్టేస్తారు. మీవాడిని మాత్రం రెండు చోట్ల ఆగి చదవమనండి: ఏ రాష్ట్ర చట్టం వర్తిస్తుందని రాశారు, ఖాళీగా ఉంచే కాలానికి ఏమిస్తామన్నారు. తర్వాత హెచ్‌ఆర్‌కు మర్యాదగా ఒక మెయిల్ పెట్టమనండి, ‘పోటీ కంపెనీ’ అంటే ఏవో పేర్లతో సహా రాయమని, గడువు ఆరు నెలలకు తగ్గించమని. ఇలా అడగడం అక్కడ తప్పేమీ కాదు. జవాబు వచ్చాక, సంతకానికి ముందు, బోస్టన్‌లోనే ఉద్యోగ చట్టాలు చూసే లాయరుకు ఒక గంట ఫీజు కట్టి ఆ కాగితాలు చూపించమనండి.