ర్యామ్ పెంచినా యాప్ తెరుచుకోవట్లేదా?

ప్రశ్న: మాది సైదాబాద్. 2009లో కొన్న కోర్ 2 డ్యుయో డెస్క్‌టాప్, విండోస్ 7. కొత్తగా వేసిన వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ క్లిక్ చేయగానే మూసుకుపోతోంది. ర్యామ్ 4 జీబీ చేయించినా అంతే. షాపతను యాంటీవైరస్ ఆపేసి, తన పెన్‌డ్రైవ్‌లోని వెర్షన్ వేసుకోమంటున్నాడు. వేసుకోవచ్చా?

జవాబు: వద్దు. ఈ వారం కూడా ఇలాంటి ప్రశ్నలే వచ్చాయి, అందరూ ముందు ర్యామ్ కొనేసి తర్వాత కారణం అడుగుతున్నారు. ర్యామ్ పాడైనా, వేడెక్కినా, పవర్ సప్లై దెబ్బతిన్నా క్రాష్ ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ వస్తుంది. మీకు ప్రతిసారీ ఒకేచోట, అదీ తెరవగానే వస్తోంది కాబట్టి నా అనుమానం ప్రాసెసర్ మీద. పనిచేయడం ఆగిపోయిందని వచ్చే బాక్సులో వివరాలు నొక్కి ఎక్సెప్షన్ కోడ్ (ఎందుకు ఆగిందో చెప్పే నంబర్) చూడండి. సి000001డి అని ఉంటే, ఆ సాఫ్ట్‌వేర్ మీ ప్రాసెసర్‌కి తెలియని ఇన్‌స్ట్రక్షన్ ఇస్తోందన్నమాట. చాలావరకు అది ఏవీఎక్స్ (భారీ లెక్కల్ని వేగంగా చేయించే ఇన్‌స్ట్రక్షన్ల గుంపు) అయి ఉంటుంది. ఇంటెల్‌లో అది 2011లో వచ్చింది, మీది అంతకన్నా పాతది. 32 జీబీ వేసినా లాభం లేదు. సి0000005 వస్తే మాత్రం అది మెమరీ గొడవ, డ్రైవర్లు, ప్లగిన్లు, ర్యామ్ అన్నీ చూసుకోవాలి.

ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడే ప్రాసెసర్‌ని చూసి "ఇది మీ సిస్టమ్‌లో నడవదు" అని ఒక్క ముక్క చెప్పడానికి ఈ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకి ఏం నొప్పో! జీబీలకు జీబీలు డౌన్‌లోడ్ చేయించి, చివరికి నోరు మెదపకుండా మూసుకుపోవడం.

నాకు అసలు టెన్షన్ ఆ పెన్‌డ్రైవ్‌తోనే. యాంటీవైరస్ ఆపితేనే ఎక్కే ఫైల్‌ని మనమే అడ్మిన్ పర్మిషన్ ఇచ్చి లోపలికి పిలుస్తున్నాం, అదేమో బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లన్నీ మూటగట్టి పంపేసినా మనకి తెలియదు. పైగా విండోస్ 7కి మామూలు వాడకందార్లకు సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 జనవరి 14తోనే ఆగిపోయాయి. ఆ సిస్టమ్‌లో నెట్ బ్యాంకింగ్ చేస్తుంటే ఈరోజే మానేయండి. ఇప్పటికే ఆ ఫైల్ వేసేసి ఉంటే నెట్ తీసేసి, పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్‌లోంచి మార్చండి, ఇందులోంచి కాదు.

ఎడిటింగ్ కావాల్సిందే అంటే ఆ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ దాని సొంత సైట్‌లోనే దొరుకుతుందేమో చూడండి. లేదంటే సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్)లో సెకండ్‌హ్యాండ్ సిస్టమ్ తీసుకోండి, కనీసం ఎనిమిదో జనరేషన్ ఐ3 ఉండాలి. డబ్బులిచ్చే ముందు మీ సాఫ్ట్‌వేర్‌ని అక్కడే తెరిచి చూపించమనండి.