గేటు లోపలి బండికి ఇన్సూరెన్స్ కావాలా?

ప్రశ్న: మా అబ్బాయి రెండేళ్ల కిందట అమెరికా వెళ్లాడు. వాడి పేరున ఉన్న 1,200 సీసీ పెట్రోలు కారు మా కాంపౌండులో కవరు కప్పి ఉంది. వారానికోసారి స్టార్ట్ చేసి ఆపేస్తాను తప్ప రోడ్డెక్కించను. ఇన్సూరెన్స్ వచ్చే నెలతో అయిపోతుంది. కదలని బండికి కట్టడం దండగ అంటారు మా బావగారు. కట్టకపోతే కేసవుతుందా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: బండి నిజంగా గేటు లోపలే ఉన్నంతకాలం కేసు కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం 'బహిరంగ స్థలంలో' బండి వాడాలన్నా, ఇంకొకరిని వాడనివ్వాలన్నా థర్డ్ పార్టీ పాలసీ (బండి వల్ల అవతలివాళ్లకు జరిగే నష్టానికి కట్టేది) ఉండి తీరాలి. జనానికి వెళ్లే హక్కున్న రోడ్డు, వీధి, దారి, ఏ చోటైనా బహిరంగ స్థలమే. మీ ప్రహరీ లోపలి నేల అందులోకి రాదు.

చిక్కంతా గేటు దగ్గరే. పెళ్లికి వచ్చినవాళ్ల బండికి చోటివ్వడానికి కారును వీధిలోకి తీసి పెడతారు. గేటు బయట ర్యాంపు మీద నిలిపి కడుగుతారు. మెకానిక్ వచ్చి 'ఒక్క రౌండు కొట్టి చూస్తా' అంటాడు. ఇన్సూరెన్స్ లేని బండి ఇరుక్కునేది ఇలాంటప్పుడే. ఆగి ఉంటే వాడకం కాదు కదా అనుకోవద్దు. 1987లో మహారాష్ట్రలో ఒక పెట్రోలు ట్యాంకరు గుద్దుకుని బోల్తా పడింది. కొన్ని గంటల తర్వాత అది పేలి, చుట్టూ గుమిగూడినవాళ్లు చనిపోయారు. కదలకుండా పడి ఉన్నా అది బండి 'వాడకం' కిందికే వస్తుందని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది.

దొరికితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, లేదా 3 నెలల దాకా జైలు, లేదా రెండూ. మళ్లీ దొరికితే జరిమానా 4,000. నడిపినవాడితో పాటు నడపనిచ్చిన యజమానీ బాధ్యుడే. ఇక్కడ ఆర్సీ మీ అబ్బాయి పేరున ఉంది. జరిమానా సంగతి అలా ఉంచండి, అసలు భయం నష్టపరిహారం. వెనక్కి తీస్తుండగా ఎవరికైనా తగిలితే ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ వేసే మొత్తం లక్షల్లో ఉంటుంది, అదంతా సొంతంగా కట్టుకోవాలి.

దాంతో పోలిస్తే ప్రీమియం ఎంత? 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1,000 నుంచి 1,500 సీసీ లోపు సొంత కారుకు ఏడాది థర్డ్ పార్టీ 3,416 రూపాయలు. 18 శాతం జీఎస్టీతో కలిపి దాదాపు 4,031. ఏడాదిలో ఒక్కసారైనా గేటు దాటించే అవకాశం ఉంటే ఇది కట్టేయండి. మీ కారు రెండేళ్లుగా కదల్లేదు కాబట్టి బ్యాటరీకో బ్రేకులకో మెకానిక్ రాక తప్పదు. కాబట్టి కట్టమనే మా సలహా.

బండికే నష్టం జరిగితే డబ్బు రావాలంటే ఓన్ డ్యామేజ్ ఉండాలి. దొంగతనం, అగ్ని ప్రమాదం, వరద గేటు లోపలికీ వస్తాయి. థర్డ్ పార్టీ లేకుండా ఓన్ డ్యామేజ్ ఒక్కటే ఇవ్వరు. బండి కొన్ని నెలలు షెడ్డులోనే ఉంటుందని ముందే రాసిస్తే, ఆ కాలానికి అగ్ని, దొంగతనం, వరదలాంటి వాటికి మాత్రమే కవరు ఉంచి, తగ్గిన మేరకు తర్వాతి ప్రీమియంలో సర్దే పద్ధతి ఒకటుంది. పాలసీకి జతచేసే ఆ షరతును 'లెయిడ్ అప్' ఎండార్స్‌మెంటు అంటారు. బ్రాంచికి వెళ్లి దాని నంబరు ఐఎంటీ 11 అని చెప్పి అడగండి. ఆ కాలంలో మాత్రం బండి రోడ్డెక్కకూడదు.

తేదీలు కూడా గుర్తుంచుకోండి. పాలసీ అయిపోయిన 90 రోజుల్లోగా రెన్యూ చేయకపోతే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయని ఏళ్లకు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది. ఐదేళ్లు క్లెయిము లేకుండా 50 శాతానికి చేరినవాళ్లకు అది పెద్ద దెబ్బే. ఓన్ డ్యామేజ్‌కు గ్యాప్ వస్తే మళ్లీ ఇచ్చేముందు బండిని తనిఖీ చేస్తారు, లేదా ఫొటోలు, వీడియో అడుగుతారు. కొత్త పాలసీ మీద 'మొదలయ్యే తేదీ, సమయం' చదివాకే బండి తీయండి. డబ్బు కట్టిన క్షణం నుంచే కవరు ఉందనుకుని ఆ సాయంత్రమే బయల్దేరేవాళ్లున్నారు.

ఇంకో మాట. రిజిస్ట్రేషన్ గురించి చెప్పే 39వ సెక్షన్‌లో 'బహిరంగ స్థలంలో గానీ, మరే ఇతర స్థలంలో గానీ' అని ఉంది. ఆ రెండో ముక్క ఇన్సూరెన్స్ సెక్షన్‌లో లేదు. అంటే ఆర్సీ గడువు తీరిన బండిని సొంత తోటలో నడిపినా తప్పే.

ప్రశ్న: అనకాపల్లి దగ్గర మా క్రషర్ ఆవరణలో రెండు టిప్పర్లు లోపలే తిరుగుతాయి. విశాఖ స్టీల్ ప్లాంట్ తీర్పు వచ్చాక ట్యాక్సూ వద్దు, ఇన్సూరెన్సూ వద్దు అంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: సగం నిజం. 2025 ఆగస్టు 29న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆ తీర్పు ట్యాక్సు గురించి. స్టీల్ ప్లాంట్ సెంట్రల్ డిస్పాచ్ యార్డులో ఒక కాంట్రాక్టు సంస్థ 36 బండ్లు నడిపింది. చుట్టూ ప్రహరీ, గేట్ల దగ్గర సీఐఎస్ఎఫ్ కాపలా, అనుమతి లేనిదే లోపలికి పోలేరు. అది బహిరంగ స్థలం కాదు కాబట్టి 1963 నాటి ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల పన్నుల చట్టం కింద ఆ కాలానికి ట్యాక్సు పడదని, వసూలు చేసిన 22,71,700 రూపాయలు తిరిగివ్వాలని తేలింది. ఇన్సూరెన్స్ గురించి అక్కడ తేల్చలేదు.

ముందు మీ ఆవరణ అలాంటిదేనా చూసుకోండి. కంకర కొనేవాళ్ల లారీలు రోజూ లోపలికి వస్తాయా? ఊరి డొంక మీ స్థలం మధ్యగా పోతుందా? అనుమతితోనైనా, ఆంక్షలతోనైనా జనం వచ్చిపోయే ప్రైవేటు స్థలం కూడా బహిరంగ స్థలమేనని బాంబే హైకోర్టు ఫుల్ బెంచ్ 1988లో చెప్పింది. ప్రమాదం జరిగి ట్రిబ్యునల్‌కు పోతే అవతలి లాయరు ఎత్తి చూపేది దాన్నే. అపార్ట్‌మెంటు సెల్లారు గురించి రాసినవారికీ ఇదే జవాబు. పాలవాడు, కొరియరు కుర్రాడు, చుట్టాలు తిరిగే చోటది.

క్రషర్లో రివర్సు తీసే టిప్పరు వెనక ఉండేది ఎక్కువగా మీ కూలీలే. ఈఎస్ఐలో లేనివాళ్లకు పరిహారం మీరే కట్టాలి (ఇదివరకు 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం కింద, 2025 నవంబరు నుంచి దాని స్థానంలో వచ్చిన 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ కింద), ప్రమాదం ప్రహరీ లోపల జరిగినా సరే. దానికి వేరే పాలసీ తీసుకోండి. మా దృష్టిలో థర్డ్ పార్టీ కంటే ముందు తీసుకోవాల్సింది అదే. ట్యాక్సు మినహాయింపు కావాలంటే బండి వాడటం లేదని ఆ త్రైమాసికం మొదలవకముందే రవాణా శాఖకు రాసిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

ప్రశ్న: 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో ఇంట్లో పెట్టిన కారు మునిగింది. థర్డ్ పార్టీ ఉన్నా రూపాయి రాలేదు. ఎందుకు?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: థర్డ్ పార్టీ అవతలివాళ్లకు జరిగిన నష్టానికి మాత్రమే, అమ్మా. వరదకు ఓన్ డ్యామేజ్ కావాలి. అది ఉన్నవాళ్లలోనూ కొందరు ఒక్క పొరపాటుతో నష్టపోతారు. నీళ్లు తీశాక 'స్టార్ట్ అవుతుందేమో' అని తాళం తిప్పుతారు. సిలిండర్లోకి చేరిన నీరు గాలిలా నొక్కుకోదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. అది వరద నష్టం కాదు, మీరు స్టార్ట్ చేయడం వల్ల వచ్చిందని కంపెనీ అంటుంది. ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు (యాడ్ ఆన్) లేకపోతే ఆ ఖర్చు మీదే. నీటి గుర్తు ఎంత ఎత్తున ఉందో నంబరు ప్లేటుతో సహా ఫొటో తీయండి. కంపెనీకి ఫోన్ చేసి క్లెయిము నంబరు రాసుకోండి. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, బండిని లాగించే తీసుకెళ్లండి.