ఒకే పనికి ఎస్టిమేట్లు రెట్టింపు తేడాతో వస్తే ఎవరిని నమ్మాలి?

బాత్రూమ్ రిపేరుకు ఒక కాంట్రాక్టర్ చెప్పినదానికి ఇంకొకరు రెట్టింపు చెప్పారని అడిగారు. ఎక్కువ చెప్పినాయన దోచుకుంటున్నాడని అప్పుడే అనుకోకండి. చాలావరకు ఇద్దరూ లెక్కకట్టేది వేర్వేరు పనులకు.

టైల్స్ సంగతే చూడండి. 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు ఉంటే నేల 40 చదరపు అడుగులు, గోడల చుట్టుకొలత 26 అడుగులు. టైల్స్ 7 అడుగుల ఎత్తు దాకా అయితే, రెండున్నర అడుగుల తలుపు తీసేయగా గోడలకు సుమారు 165. నేల కలిపి 205, కోతల్లో పోయేదానికి 10 శాతం వేస్తే 225. అదే 4 అడుగుల దాకే అనుకున్నవాళ్లకు అన్నీ కలిపి 150 లోపే తేలుతుంది. ఎంత ఎత్తో మీరు చెప్పకపోతే ఎవరికి తోచింది వాళ్లు వేసుకుంటారు.

అందుకే కొలతలు, టైల్ సైజు, ఫిట్టింగుల మోడల్, మెటీరియల్ ఎవరు కొంటారన్నది ఒక కాగితం మీద రాసి అందరికీ అదే ఇవ్వండి. 'బాత్రూమ్ మొత్తానికి ఇంత' అని ఒక్క లైన్లో రాసిస్తే తీసుకోకండి. ప్రతి పనికీ పరిమాణం, రేటు, మొత్తం విడివిడిగా ఉండాలి. తక్కువ కొటేషన్‌లో పాత టైల్స్ కొట్టడం, ఆ చెత్త బయటికి తరలించడం ఉన్నాయో లేదో చూడండి.

తక్కువ కొటేషన్లలో అన్నిటికంటే ఎక్కువగా ఎగిరిపోయేది వాటర్‌ప్రూఫింగ్, అంటే నీళ్లు ఇంకకుండా టైల్స్ కింద వేసే పూత. ఏ మెటీరియల్, ఎన్ని పూతలు, గోడ మీద ఎంత ఎత్తు దాకా అన్నది రాయించండి. టైల్స్ వేయకముందే డ్రెయిన్ మూసి 24 గంటలు నీళ్లు నిలబెట్టి చూపాలని కూడా అందులో ఉండాలి. టైల్స్ పడ్డాక లీకేజీ బయటపడితే అన్నీ పగలగొట్టాల్సిందే, ఖర్చు రెండోసారి.

గోడలోపలి పైపులు ఎలా ఉన్నాయో కొట్టేదాకా ఎవరికీ తెలియదు. దానికి ఇప్పుడే మొత్తం చెప్పమనకుండా పైపు మార్చడానికి అడుగుకు, ప్లాస్టరింగ్‌కు చదరపు అడుగుకు రేటు ఖాయం చేసుకోండి. బడ్జెట్‌లో 10 నుంచి 15 శాతం దీనికోసం పక్కన పెట్టుకోండి, కాంట్రాక్టర్‌కు మాత్రం చెప్పకండి. ఎక్స్‌ట్రా పని ఏదైనా సరే, రేటు రాతలో ఒప్పుకున్నాకే మొదలుపెట్టనివ్వండి. అడ్వాన్స్ తక్కువగా ఇచ్చి, మిగతాది పూర్తయిన దశను బట్టి చెల్లించండి. చివరి 10 శాతం మాత్రం కుళాయిలన్నీ తిప్పి, నీళ్ల వాలు సరిగా డ్రెయిన్ వైపే ఉందని చూసుకున్న తర్వాతే.