పల్లీలు పడని బాబుతో విశాఖ చూడాలంటే

చి.ల.సౌ. సుజాతకు,

విశాఖపట్నం నుంచి నీ పెద్దమ్మ ఆశీస్సులు.

వేసవి సెలవులకు బాబును తీసుకుని వస్తున్నావని తెలిసి చాలా సంతోషించాను. వాడికి పల్లీలు పడవు కాబట్టి కైలాసగిరికి, వాటర్ పార్కుకు తీసుకెళ్లాలా వద్దా అని తటపటాయిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. తప్పకుండా తీసుకెళ్లు. మా మనవడికీ ఇదే ఇబ్బంది. అయినా వాణ్ని ఈ ఊళ్లో అన్నిచోట్లా తిప్పాం. తిండి దగ్గర ఎవరిని అడగాలో, ఎలా అడగాలో తెలిస్తే చాలావరకు గండం గడిచినట్టే.

"ఇందులో పల్లీలు లేవు కదా?" అని మాత్రం అడగకు. మనవాళ్లకు మొహమాటం ఎక్కువ, పైగా రద్దీలో ఉంటారు. "లేవండీ" అనేస్తారు. "చట్నీలో ఏమేమి వేశారు? ఏ నూనెలో వేయించారు?" అని అడుగు. అప్పుడు చెప్పే మనిషి ఆలోచించక తప్పదు. వడ్డించే అబ్బాయిని కాదు, పొయ్యి దగ్గరున్న మనిషిని అడుగు. తెలియదంటే ఆ పదార్థం మానేయ్. తెలియదని ఒప్పుకున్నందుకు ఆయనకు దణ్ణం పెట్టు.

పల్లీ ఇడ్లీలో ఉండదు, చట్నీలో ఉంటుంది. పులిహోరలో, ఉప్మాలో, కొన్నిచోట్ల కారప్పొడిలో కూడా ఉంటుంది. గింజలు ఏరి పక్కన పెట్టి తినిపిస్తే సరిపోదు. వేయించినా ఉడికించినా అలర్జీ తెచ్చే గుణం పోదు. బాగా శుద్ధి చేసిన వేరుశనగ నూనెలో అలర్జీ తెచ్చే ప్రొటీన్ దాదాపు మిగలదు కానీ గానుగ నూనెలో మిగులుతుంది. 'మేము గానుగ నూనే వాడతాం' అని బోర్డు పెట్టిన చోట మనకు ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి.

ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క మాంసం, చేప, గుడ్డు లేవని మాత్రమే చెబుతుంది. పల్లీల సంగతి చెప్పదు. పల్లీలు, పాలు, గోధుమ, సోయా వంటివి ఉంటే విడిగా రాయాలని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 నిబంధనల్లో ఉంది. పది, అంతకు మించి శాఖలున్న హోటళ్లు మెనూలోనూ ఆ వివరం చూపాలి. అడిగి చూడు, సంకోచించకు.

ఆర్కే బీచ్‌లో మూరీ మిక్చర్ బండి ముందు ఒక్క నిమిషం నిలబడి చూస్తే నీకే అర్థమవుతుంది. మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, పల్లీలు అన్నీ ఒకే గిన్నెలో, ఒకే గరిటెతో కలుపుతారు. నిమ్మకాయ పిండిన చేత్తోనే మళ్లీ పల్లీల డబ్బా తెరుస్తారు. 'మాకు పల్లీలు వేయకండి' అన్నా ఆ గిన్నె అదే కదా! బాబుకు కొబ్బరిబొండాం ఇప్పించు. మొక్కజొన్న పొత్తు కూడా మంచిదే, ఉప్పూ నిమ్మచెక్కా మాత్రం ఇంటి నుంచి తెచ్చుకో. ఐస్‌క్రీం అయితే గరిటెతో తీసి ఇచ్చేది వద్దు, సీలు వేసినదే కొను. వాడు తినే ముందు చేతులు సబ్బుతో కడిగించు. శానిటైజర్ రాస్తే పల్లీల ప్రొటీన్ వదలదు.

వాటర్ పార్కుల్లో చాలావరకు బయటి తిండి లోపలికి రానివ్వరు. ముందు రోజే ఫోను చేసి విషయం చెప్పు, డాక్టర్ ఉత్తరం వెంట ఉంచుకో. గేటు దగ్గర వాదన పెట్టుకోకుండా ఆ కాగితం చూపించి, మేనేజరును పిలిపించమను. పెరుగన్నం డబ్బా నేను సర్దిస్తాను.

ఇక అలర్జీ ముదిరితే ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ సంగతి. అది లాకర్లో పెట్టి నీళ్లలోకి దిగొద్దు. గట్టు మీద కూర్చునే పెద్దవాళ్ల చేతిసంచిలో ఉండాలి. ఎండలో నిలిపిన కారులోనూ వదలకు, వేడికి పాడవుతుంది. దద్దుర్లతో పాటు ఆయాసమో, గొంతు బిగుసుకోవడమో, వాంతులో మొదలైతే అలర్జీ మాత్రతో సరిపెట్టుకుని చూస్తూ కూర్చోకు. డాక్టర్ చెప్పిన మోతాదులో అడ్రినలిన్ తొడ బయటి వైపు ఇచ్చి, వెంటనే 108కి ఫోను చెయ్. వాణ్ని నడిపించకు, పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో పెట్టు. ఊపిరి అందకపోతే కూర్చోబెట్టు. తేరుకున్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే, కొన్ని గంటల తరవాత మళ్లీ తిరగబెట్టవచ్చు. బీచ్ దగ్గర ఉంటే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి), కైలాసగిరి వైపు ఉంటే హనుమంతవాక దగ్గర విమ్స్ ఆసుపత్రి. కొండ దిగే సమయం కూడా లెక్కలో వేసుకో.

మీ ఆయనకూ ఇంజెక్షన్ ఇవ్వడం వచ్చా? రాకపోతే బయలుదేరే ముందు మీ డాక్టర్ దగ్గర ఇద్దరూ నేర్చుకుని రండి. రైలు వివరాలు తెలిపితే స్టేషనుకు పెదనాన్నను పంపిస్తాను.

ఇట్లు,
నీ పెద్దమ్మ