సైటులో సరైన జవాబు, పీఎంపీలో తప్పు

ప్రశ్న: సివిల్ ఇంజినీరింగ్ చదివి ఏడేళ్లుగా నిర్మాణ రంగంలో ఉన్నాను. నాలుగేళ్లుగా అపార్ట్‌మెంట్ల పనులు నేనే నడిపిస్తున్నాను. గల్ఫ్‌లో మంచి ఉద్యోగం కోసం పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజర్లకు సర్టిఫికెట్ ఇచ్చే పరీక్ష) రాసి తప్పాను. ప్రాజెక్ట్ నిర్వహణలోని 49 ప్రాసెస్‌ల పట్టిక కంఠతా వచ్చు. మాదిరి పరీక్షల్లో 80 శాతం దాకా వచ్చేది. ఫలితాల పత్రంలో ప్రాసెస్ (పనుల నిర్వహణ) విభాగానికి ‘టార్గెట్’ (సరిపడా) అనీ, పీపుల్ (మనుషులను నడిపించడం) విభాగానికి ‘నీడ్స్ ఇంప్రూవ్‌మెంట్’ అనీ ఉంది. మళ్లీ రాయమంటారా? ఒకాయన డబ్బు కడితే పాస్ గ్యారంటీ అంటున్నాడు.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ముందు ఆ గ్యారంటీ పెద్దమనిషి సంగతి తేల్చేద్దాం. ఈ పరీక్షకు పాస్ మార్కు ఎంతో దాన్ని నిర్వహించే పీఎంఐ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్) సంస్థే బయటపెట్టదు. అలాంటప్పుడు ఫలితానికి ఆయన పూచీ ఎలా ఇస్తాడు? మీ బదులు ఇంకొకరిని కూర్చోబెట్టాలి, లేదా మీ డబ్బుతో మాయం కావాలి. మొదటిది బయటపడిన రోజున సర్టిఫికెట్టూ ఉద్యోగమూ రెండూ పోతాయి. ఫోన్లలో చేతులు మారే ‘అసలు ప్రశ్నల’ జోలికీ వెళ్లకండి. వాటిని వాడటం నిబంధనలకు విరుద్ధం. పైగా వాటి జవాబులు ఎవరు రాశారో దేవుడికే తెలియాలి.

ఇక మీ విషయం. మళ్లీ రాయండి. దరఖాస్తు ఆమోదం పొందిన నాటి నుంచి ఏడాదిలో మూడుసార్లు రాసే వీలుంది. రెండోసారి రుసుము కూడా మొదటిదానికన్నా తక్కువే. అయితే ఇదే పద్ధతిలో చదివితే ఇదే ఫలితం వస్తుంది.

మీరు కంఠస్థం చేసిన పట్టిక పీఎంఐ మార్గదర్శక పుస్తకం పీఎంబాక్‌కు 2017లో వచ్చిన ఆరో ఎడిషన్‌ది. 2021లో వచ్చిన ఏడో ఎడిషన్ ఆ పట్టికను పక్కనపెట్టి విషయాన్ని 12 సూత్రాల చుట్టూ అల్లింది. అసలు ఈ పరీక్ష ఏ ఒక్క పుస్తకం నుంచీ రాదు. పీఎంఐ ప్రకటించే పరీక్షాంశాల పత్రమే దీనికి ఆధారం. 2021 జనవరిలో మొదలైన పద్ధతిలో పీపుల్ విభాగానికి 42 శాతం, ప్రాసెస్‌కు 50, బిజినెస్ ఎన్విరాన్‌మెంట్‌కు (సంస్థ అవసరాలు, బయటి పరిస్థితులు) 8 శాతం ప్రశ్నలు. 42 శాతం ఉన్నచోట మీరు జారారు, అందుకే తప్పారు. 2026 జులై నుంచి అమలుకు ప్రకటించిన కొత్త పత్రంలో ఆ 8 శాతం 26కు పెరిగింది. కాబట్టి ఏ తేదీకి రాస్తున్నారో చూసుకుని ఆ పత్రాన్నే ముందు పెట్టుకోండి.

మీలాంటి అనుభవజ్ఞులు పీపుల్ విభాగంలో ఎందుకు జారుతారో చెబుతాను. స్లాబ్ వేసే రోజున రెడీమిక్స్ లారీలు మూడు గంటలు ఆలస్యంగా వచ్చాయి. ఇది రెండోసారి. ప్రాజెక్ట్ మేనేజర్ మొట్టమొదట ఏం చేయాలి? సరఫరాదారుకు నోటీసు ఇవ్వడం, యజమానికి ఫోను చేయడం, వేరే ప్లాంటు వెతకడం, సరఫరాదారుతో కూర్చుని ఆలస్యానికి కారణం తెలుసుకోవడం, ఇవీ నాలుగు జవాబులు. సైటులో మీ చేయి ఫోను మీదికే పోతుంది. పరీక్షకు కావలసింది నాలుగోది. మీరు గానీ పరీక్ష గానీ తప్పని నేననను. కాంక్రీటు గట్టిపడిపోతుంటే చర్చలు పెట్టమని ఎవరూ అనరు. అయితే ఆ ప్రశ్న మిమ్మల్ని ఒక తీరు మనిషిగా చూడాలనుకుంటుంది. అతడు ముందు కారణం తెలుసుకుంటాడు, సంబంధించిన మనిషితో నేరుగా మాట్లాడతాడు, తన పరిధిలో తేల్చగలిగినది పైకి మోయడు. సెంట్రింగ్ మేస్త్రీకీ రాడ్ బెండింగ్ మేస్త్రీకీ గొడవైతే ఒకరిని పంపించేయడు, ఇద్దరినీ కూర్చోబెడతాడు. ప్రశ్న చివర ‘ఫస్ట్’ అని ఉందా, ‘నెక్స్ట్’ అని ఉందా అన్నది కూడా ఇక్కడే పనికొస్తుంది. నాలుగు జవాబులూ చేయదగినవే కావచ్చు, వరసలో ముందుది ఏదన్నదే ప్రశ్న. చివరి వాక్యం ముందు చదివి, ఆ తరువాత కథలోకి వెళ్లే అలవాటు చేసుకోండి.

రెండో చిక్కు అజైల్, అంటే పనిని విడతలుగా చేసి చూపిస్తూ, మార్చుకుంటూ సాగే పద్ధతి. 2021 పద్ధతిలో ఇంచుమించు సగం ప్రశ్నలు అజైల్, హైబ్రిడ్ (అజైల్‌నూ ముందస్తు ప్రణాళికనూ కలిపిన) పద్ధతుల మీదే. సివిల్ వాళ్లకు ఇది సాఫ్ట్‌వేర్ వాళ్ల గోలగా అనిపిస్తుంది. ఇలా చూడండి: పునాది వేశాక పిల్లర్లు జరపలేం, అందుకే అక్కడ ప్రణాళిక అంతా ముందే. ఇంటి లోపలి అలంకరణ అలా కాదు. ముందు ఒక గది పూర్తి చేసి చూపిస్తాం, ఇంటావిడ రంగు మార్చమంటుంది, ఆమె మాట విని తరువాతి గదిలోకి వెళతాం. ఇప్పుడు ‘క్లయింట్ కొత్త మార్పు అడిగాడు’ అనే ప్రశ్న వస్తే, మొదటి రకం పనిలో దాని ప్రభావం లెక్కగట్టి, మార్పుల ఆమోద ప్రక్రియకు పంపాలి. రెండో రకంలో అది బ్యాక్‌లాగ్‌లో, అంటే చేయాల్సిన పనుల జాబితాలో చేరుతుంది, దాని వరుస ప్రొడక్ట్ ఓనర్ నిర్ణయిస్తాడు. అడిగిన మాట ఒకటే, జవాబులు వేరు. ప్రశ్నలో ‘స్ప్రింట్’ (అజైల్‌లో ఒక చిన్న విడత పని) వంటి ఆనవాలు పట్టుకోకపోతే ఇక్కడ మార్కులు ధారగా పోతాయి.

లెక్కల ఫార్ములాల గురించి అంత కంగారు వద్దు. సీపీఐ అనగానే మనవాళ్లకు పార్టీ గుర్తొస్తుంది గానీ ఇక్కడ అది ఖర్చు పనితీరు సూచిక, ఎస్పీఐ షెడ్యూలు పనితీరు సూచిక. కోటి రూపాయల పనిలో ఈ రోజుకు 40 లక్షల పని కావాలి, 30 లక్షల పనే అయింది, ఖర్చు మాత్రం 36 లక్షలు. సీపీఐ 30ని 36తో భాగిస్తే 0.83, ఎస్పీఐ 30ని 40తో భాగిస్తే 0.75. రెండూ ఒకటికి లోపే, అంటే డబ్బూ ఎక్కువైంది, పనీ వెనకబడింది. ఇదే తీరున సాగితే మొత్తం ఖర్చు 1 కోటి 20 లక్షలకు చేరుతుంది. ఇంతవరకు తడుముకోకుండా చెప్పగలిగితే చాలు.

మాదిరి పరీక్షల్లో 80 శాతం అన్నారు. ఒకే ప్రశ్నల సంచిని ఎన్నిసార్లు తిప్పారు? రెండోసారి వచ్చే మార్కులు మీ జ్ఞాపకశక్తివి. ఈసారి కొత్త ప్రశ్నలు రోజుకు పాతిక చాలు. తప్పిన ప్రతిదానికీ ఒక నోటుపుస్తకంలో సరైన జవాబు కాదు, మీరు ఆ తప్పు జవాబును ఎందుకు ఎంచుకున్నారో ఒక్క వాక్యం రాయండి. ఆదివారాల్లో మాత్రం పూర్తి పరీక్ష పెట్టుకోండి. 2021 పద్ధతిలో 180 ప్రశ్నలకు 230 నిమిషాలు, అంటే ఒక్కోదానికి 77 సెకన్ల లోపే. 60 ప్రశ్నలకోసారి పది నిమిషాల విరామం ఉంటుంది. విరామానికి లేచాక వెనకటి ప్రశ్నలకు తిరిగి వెళ్లలేరు. ఇంట్లోనూ అలాగే సాధన చేయండి.

ఇంటి నుంచి ఆన్‌లైన్లో రాసే వీలున్నా, కేంద్రానికి వెళ్లడమే మేలంటాను. కరెంటు, నెట్టు సంగతి అలా ఉంచండి, ప్రశ్నను పెదవులు కదుపుతూ చదివే అలవాటున్నా కెమెరా అవతలి పర్యవేక్షకుడు ఆపుతాడు.

తేదీ ఇప్పుడే తీసుకోకండి. ఆ నోటుపుస్తకంలో ‘మా సైటులో ఇలాగే చేస్తాం’ అనే వాక్యం ఎన్నిసార్లు వచ్చిందో వారం వారం లెక్కపెట్టండి. ఏ వారంలో అది ఒక్కసారీ కనిపించదో ఆ వారమే తేదీ ఖరారు చేసుకోండి.