మీ నాన్న జీవితం రాసేటప్పుడు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

మీ నాన్న సంవత్సరీకానికి వచ్చే బంధువులకు పంచడానికి చిన్న పుస్తకం వేయాలని సంకల్పించి, రాసినంతవరకు నాకు పంపినందుకు సంతోషం. ఆ నాలుగు పేజీలు రెండుసార్లు చదివాను. కష్టజీవి అని, నిగర్వి అని, కుటుంబం కోసం కొవ్వొత్తిలా కరిగిపోయిన మనిషి అని రాశావు. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అయితే పేరు మారిస్తే ఆ పేజీలు మన వాడకట్టులో ఏ ఇంటి పెద్దకైనా సరిపోతాయి. ముప్పై ఏళ్లకు పైగా నాకు తెలిసిన మా బావ మాత్రం వాటిలో కనబడలేదు.

ముందుగా ఆయన పని ఏమిటో తెలుసుకొని రాయి. "సింగరేణిలో పనిచేశారు" అన్న ఒక్క వాక్యంతో దాటేశావు. 1978లో కొత్తగూడెంలో బదిలీ (రానివాళ్ల స్థానంలో పనిచేసే) ఫిల్లర్‌గా చేరినప్పుడు ఆయన పని తట్టా చెమ్మస్‌తో (గంప, పారలతో) బొగ్గు ఎత్తి టబ్బులు (బొగ్గు బండ్లు) నింపడం. పేలుడు పెట్టాక రాలిన బొగ్గును ఆ ఉక్కలో, ఆ పొగ వాసనలో, టోపీకి ఉన్న దీపం వెలుతురు పడినంత మేరే చూసుకుంటూ షిఫ్టు పొడవునా ఎత్తడం ఎలా ఉంటుందో నీ పిల్లలకు తెలియదు. తరువాత యంత్రాలు వచ్చి చేతితో నింపే పని తగ్గింది కాబట్టి, ఇప్పుడు గనిలో దిగేవాళ్లలోనూ చాలామందికి తెలియదు. అప్పట్లో భూగర్భంలో పనిచేసేవారికి ఏడాదికి 190 మస్టర్లు (హాజరు రోజులు) నిండితేనే వేతనంతో కూడిన సెలవు దక్కేది. జ్వరం వచ్చినా, ఒళ్లు నొప్పులున్నా ఆయన ఆ మస్టర్లు గోడ క్యాలెండర్ మీద పెన్సిల్‌తో గీతలు పెట్టి లెక్కపెట్టుకునేవారు. ప్లే డే (వారపు సెలవు రోజు) డ్యూటీ దొరికితే వదిలేవారు కాదు, ఎందుకంటే ఆ రోజు కూలి రెట్టింపు. మీ పెద్దక్క కాలేజీ ఫీజు అలా వచ్చింది. "కుటుంబం కోసం కష్టపడ్డారు" అన్న మాట తీసేసి ఆ క్యాలెండర్ గురించి రాయి.

నేను మరచిపోలేనిది ఇంకొకటి ఉంది. గనిలో దిగినవాళ్లు పని మొదలుపెట్టే ముందు పైకప్పును కర్రతో తట్టి చూస్తారు. గట్టిగా మోగితే బండ బాగున్నట్టు, డొల్లగా మోగితే ఊడిపడేట్టున్నట్టు. మీ నాన్న రిటైరయ్యాక కూడా ఎవరింటికి వెళ్లినా గడప దాటగానే ఒకసారి తల పైకెత్తి కప్పు వైపు చూసి, ఆ తరువాతే కూర్చునేవారు. మీ చిన్నక్క పెళ్లిచూపులకు వెళ్లిన ఇంట్లోనూ అంతే. అది నువ్వు వందసార్లు చూసి ఉంటావు, కారణం ఎప్పుడూ అడిగి ఉండవు. ఇలాంటివి ఇంకా గుర్తు చేసుకో. ఎంత రుద్దుకున్నా కళ్ల అంచున కాటుక పెట్టినట్టు మిగిలిపోయే బొగ్గు గీత, రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకుంటే మీరు ముగ్గురూ మునివేళ్ల మీద నడవడం, నువ్వు చెంబు జారవిడిస్తే మీ అమ్మ కళ్లతోనే నిన్ను కోప్పడడం, ఇవన్నీ రాయవలసినవే.

మీ అమ్మ గురించి నువ్వు ఒకే ఒక్క వాక్యం రాశావు. అది నాకు బాధ కలిగించింది, ఆమె నా అక్క అయినందువల్ల మాత్రమే కాదు. షిఫ్టు వారం వారం మారుతుంటే దానికి తగ్గట్టు వంట వేళలు, పిల్లల నిద్ర, నీళ్లు పట్టుకోవడం మార్చుకున్నది ఆమె. 2011లో సకల జనుల సమ్మె జరిగినప్పుడు జీతం రాని రోజుల్లో ఇల్లు గడిచింది ఆమె ఎవరికీ చెప్పకుండా దాచిన డబ్బుతో. మీ నాన్న డ్యూటీకి ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదని గొప్పగా చెప్పుకుంటున్నామంటే, ఆ గొప్పలో సగం తెల్లవారుజామున నాలుగున్నరకు పొయ్యి వెలిగించిన మనిషిది.

తేదీల విషయంలో మీ అమ్మను "ఏ సంవత్సరం?" అని అడగకు, చెప్పలేక చిన్నబుచ్చుకుంటుంది. "అప్పుడు ఏం జరిగింది?" అని అడుగు. రుద్రంపూర్ క్వార్టర్‌లోకి ఎప్పుడు మారారని నేనడిగితే, "భద్రాచలంలో పెద్ద గోదావరి వచ్చినప్పుడు నీ పెద్ద మేనకోడలు చంకలో ఉంది, సామాను ఇంకా విప్పలేదు" అంది. గోదావరి 75.6 అడుగులకు చేరింది 1986 ఆగస్టులో కాబట్టి లెక్క తేలిపోయింది. పుట్టిన తేదీ దగ్గర మాత్రం జాగ్రత్తపడు. కంపెనీ రికార్డులో ఒకటి, మీ నాయనమ్మ చెప్పినది ఒకటి ఉంటుంది. రెండూ రాసి, ఏది ఎక్కడిదో చెప్పు. పాత జీతం చీటీలు, ప్రావిడెంట్ ఫండ్ కాగితాలు ఇనుప పెట్టెలో అడుగున ఉన్నాయి. చెదలు పట్టకముందే ఫోటోలు తీయించు.

ఆయన కోపం గురించి రాయాలా వద్దా అని అడిగావు. రాయి. నువ్వు ఇంటర్ తప్పినప్పుడు నెల రోజులు నీతో మాట్లాడలేదు, అది తప్పేనని తరువాత నాతో ఒప్పుకున్నారు. నీతో చెప్పలేకపోయారు. ఈ సంగతి ఇన్నాళ్లు దాచినందుకు నన్ను క్షమించు.

మా నాన్న గురించి రాద్దామని నేను పదేళ్లు వాయిదా వేశాను. ఆయనతో తట్ట మోసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, ఇప్పుడు ఆయన ఏ గనిలో మొదట దిగారో చెప్పేవాళ్లు లేరు. అందుకే పేజీలు దిద్దడం తరువాత పెట్టుకొని వచ్చే ఆదివారమే బయలుదేరి రా. మీ నాన్న మొదటి గ్యాంగులో సర్దార్‌గా (పని అజమాయిషీ చేసేవారిగా) ఉన్న పెద్దాయన దగ్గరికి తీసుకువెళతాను. ఎనభై దాటాయి, ఎడమ చెవి పూర్తిగా వినబడదు, కాబట్టి కుడివైపు కూర్చొని మాట్లాడాలి. ఉదయం పూట అయితే ఓపికగా చెబుతారు.

ఇట్లు,
మీ మామయ్య