నాన్న మీటింగ్‌కి వెళితే నా సంబంధాలు చెడిపోతాయా?

ప్రశ్న: మాది కాజీపేట. నాన్నకి 54 ఏళ్లు, రైల్వేలో ఉద్యోగం. పదేళ్లుగా తాగుతున్నారు. ఈమధ్య చేతులు వణుకుతున్నాయని నిద్ర లేవగానే కొంచెం వేసుకుంటున్నారు. మత్తు దిగాక ‘మానేస్తానమ్మా’ అని ఏడుస్తారు. తాగుడు మానాలనుకునేవాళ్లకి మీటింగులుంటాయని విన్నాను. అవి ఎక్కడ జరుగుతాయి? నాకు సంబంధాలు చూస్తున్నారు. నాన్న అక్కడికి వెళ్తే పరువు పోతుందని అమ్మ భయం. ఎవరో చెప్పారని, తాగుడు మాన్పించే మందు కూరలో కలుపుతానంటోంది. ఏం చేయమంటారు?

సమాధానం: ముందు ఆ కూర సంగతి. ఆ పని చెయ్యొద్దని అమ్మకి ఈరోజే గట్టిగా చెప్పండి. అలా కలిపేది చాలాసార్లు డైసల్ఫిరామ్ మాత్రల పొడి అయి ఉంటుంది. అది ఒంట్లో ఉండగా తాగితే వాంతులు, గుండెదడ మొదలై బీపీ పడిపోతుంది. ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. డాక్టర్లు ఈ మాత్ర ఇస్తారు గానీ, మనిషికి చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేసి ఇస్తారు. పైగా సంగతి బయటపడితే ఆయన ఇంట్లో అన్నం తినడానికే అనుమానిస్తారు.

పొద్దుటి వణుకును తేలిగ్గా తీసుకోకండి. ఇలాంటి మనిషి పౌరుషానికి పోయి ఉన్నట్టుండి తాగుడు ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత మతి తప్పి, లేనివి కనబడటం కూడా ఉంటుంది. అందుకే ‘రేపట్నుంచి బంద్’ అని ఒట్టు వేయించుకోకండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది, అక్కడ చూపించండి. లేదా ముందు రైల్వే డాక్టరుకే చెప్పండి. వణుకు, ఫిట్స్ రాకుండా మాత్రలు, బి1 విటమిన్ ఇచ్చి కొన్ని రోజులు దగ్గరుండి చూసుకుంటారు. మీటింగులు దీనికి బదులు కావు. ఒళ్లు కుదుటపడి ఇంటికొచ్చాక, జీతం పడిన సాయంత్రం కాళ్లు వైన్‌షాపు వైపు లాగుతాయి చూడండి, అప్పుడు పనికొస్తాయి.

మీరు విన్నది ఆల్కహాలిక్స్ అనానిమస్ గురించే అయి ఉంటుంది, ఏఏ అంటారు. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో ఒక స్టాక్ బ్రోకరు, ఒక సర్జన్ కలిసి దీన్ని మొదలుపెట్టారు. ఇద్దరూ తాగుడుతో చితికినవాళ్లే. ఇప్పటికీ పద్ధతి అదే. అక్కడ డాక్టరు ఉండడు, ఉపన్యాసం ఉండదు. తాగి మానినవాళ్లు, మానాలనుకునేవాళ్లు గంటో గంటన్నరో కూర్చుని ఎవరి కథ వాళ్లు చెప్పుకుంటారు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డురారు. ఫీజు లేదు. చివర్లో చందా పెట్టె తిప్పుతారు, వేస్తే వేయొచ్చు, లేకపోతే లేదు. మొదటిసారి ‘వినడానికి వచ్చాను’ అంటే చాలు. చాలాచోట్ల చర్చి హాల్లోనో స్కూలు గదిలోనో జరుగుతాయి. ‘మతం మారుస్తారా’ అని నాన్న అడగొచ్చు. అలాంటిదేమీ లేదు. దేవుడి మాట వస్తుంది గానీ, ఏ దేవుడన్నది ఎవరి ఇష్టం వాళ్లది.

ఎక్కడ అంటే, ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో ఊళ్లవారీగా వివరాలు, ఫోన్ నంబర్లు ఉంటాయి. జాబితాని నమ్మి నేరుగా బయల్దేరకండి. హాళ్లు, టైములు మారుతుంటాయి. ఫోన్ చేసి తెలుగులో మాట్లాడతారా, మీటింగ్ ఓపెనా క్లోజ్డా అని అడగండి. క్లోజ్డ్ అంటే తాగుడు సమస్య ఉన్నవాళ్లకే, ఓపెన్‌కి మీరూ వెళ్లొచ్చు. ఎంజీఎంలోనూ వాకబు చేయండి. దగ్గర్లో దొరకకపోతే సికింద్రాబాద్ రైల్లో రెండు గంటల పైచిలుకు దూరమే, హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో మీటింగులు జరుగుతాయి. ఆన్‌లైన్‌లో కూడా ఉన్నాయి. మొదటి మీటింగ్ నచ్చకపోతే ఇంకో గ్రూపు చూడమనండి. ఒక్కో గ్రూపు వాతావరణం ఒక్కోలా ఉంటుంది.

ఇక పరువు. ఆయన తాగుతారని వీధిలో ఎవరికి తెలియదు చెప్పండి? తాగడం అందరికీ తెలిసినా ఫర్వాలేదు, మానడమే రహస్యంగా ఉండాలా! అయినా అక్కడ ఇంటిపేరు అడగరు, హాజరు పట్టీ ఉండదు, విన్నది బయట చెప్పకూడదన్నది వాళ్ల నియమం. కాజీపేటలో తెలిసిన ముఖం ఎదురవుతుందని నాన్న జంకితే సికింద్రాబాద్‌తోనే మొదలుపెట్టనివ్వండి.

ఆయన తాగని వేళ చూసి మీరొక్కరే ఆయనతో కూర్చుని మాట్లాడండి. మేనమామల్ని పిలిచి పంచాయితీ పెట్టొద్దు. ‘నా పెళ్లి కోసం మానండి’ అని కూడా అనకండి. రేపు ఒక సంబంధం తప్పిపోతే ఆ నెపంతోనే మళ్లీ సీసా పడతారు. ‘ఫోన్ నేను చేస్తాను, పక్కన కూర్చోండి నాన్నా’ అంటే చాలు. ఒప్పుకోకపోతే మీరూ అమ్మా ఆగిపోకండి. తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసం అల్-అనాన్ అని వేరే మీటింగులున్నాయి, 1951 నుంచీ నడుస్తున్నాయి. నన్నడిగితే అందరికంటే ముందు వెళ్లాల్సింది మీ అమ్మగారే. టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మత్తు అలవాట్ల కోసమే ఉన్న హెల్ప్‌లైన్ 14446.

సంబంధాల విషయంలో దాపరికం వద్దు. అందరికీ చాటక్కర్లేదు గానీ, మాటలు ఖాయమయ్యేలోపు అబ్బాయికి మీరే చెప్పండి: ‘నాన్నకి తాగుడు ఉంది, చికిత్స చేయిస్తున్నాం’ అని. అది విని వెనక్కి తగ్గేవాళ్లు పెళ్లయ్యాక తెలిస్తే మిమ్మల్ని ఇంకెంత అంటారో ఆలోచించండి. ఆ మాట మధ్యవర్తి నోట కాకుండా మీ నోటే వెళ్లాలి.